18446744073709551615: ఇరవై అంకెల సంఖ్యను చేత్తో విడగొట్టడం

మీరు అడిగినవి మూడు. చదరంగం గళ్ళలో గింజలు రెట్టింపు చేసుకుంటూ పోతే వచ్చే 18446744073709551615 (అంటే 2⁶⁴ − 1) ప్రధాన సంఖ్యా, కాకపోతే కంప్యూటర్ లేకుండా దాని కారణాంకాలు కనుక్కోవచ్చా అన్నది మొదటిది. దారిలో తగిలే 4294967297 ని 2 ఆధారంగా ఫెర్మా పరీక్షకు పెడితే పాసయింది, మరి అది ప్రధాన సంఖ్య కాదని ఎందుకంటారు అన్నది రెండోది. ఎక్సెల్‌లో ఈ ఇరవై అంకెలు కొడితే చివరివి సున్నాలైపోతున్నాయి, దేన్ని నమ్మాలి అన్నది మూడోది.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇది ప్రధాన సంఖ్య కాదు. 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. కాగితం, పెన్ను చాలు. ఇరవై అంకెలు చూసి టెన్షన్ పడాల్సిన పని లేదు, ఎందుకంటే నిజంగా చేయాల్సిన భాగహారాలు ఆరే. ఆ ఆరు ఏవో, మిగతావి ఎందుకు అక్కర్లేదో వివరంగా చెబుతాను.

మూడో ప్రశ్న త్వరగా తేలిపోతుంది కాబట్టి దానితో మొదలుపెడతాను. ఎక్సెల్ ఏ సంఖ్యకైనా 15 అంకెలే దాచుకుంటుంది, ఆ తర్వాతవి సున్నాలు చేస్తుంది. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యగా కొడితే 18446744073709552000 అని చూపిస్తుంది. ఇవి సంఖ్యను 53 బిట్ల ఖచ్చితత్వంతో దాచుకునే పద్ధతి వాడతాయి. ఈ పరిమాణం దగ్గరికి వచ్చేసరికి ఆ పద్ధతిలో పక్కపక్కన ఉండే రెండు సంఖ్యల మధ్య దూరం 2048. మన సంఖ్యకు అందులో చోటే లేదు, దగ్గర్లో ఉన్న 2⁶⁴ కి జరిగిపోతుంది. పైథాన్‌లో 2**64 - 1 అని కొట్టండి, ఇరవై అంకెలూ సరిగ్గా వస్తాయి. సి లాంటి భాషల్లో గుర్తు లేని 64 బిట్ల పూర్ణాంకంలో పట్టే అతి పెద్ద విలువ కూడా ఇదే. బైనరీలో వరసగా 64 ఒకట్లు.

కంప్యూటర్ మీద నమ్మకం లేకపోతే చేత్తోనే రాబట్టవచ్చు. 64 సార్లు రెట్టింపు చేయనక్కర్లేదు, ఆరుసార్లు వర్గం చేస్తే చాలు: 2, 4, 16, 256, 65536, 4294967296. వీటిలో కష్టమైంది చివరి అడుగు, 4294967296 వర్గం. దాన్ని 42949, 67296 అని రెండు ఐదంకెల ముక్కలు చేయండి. 42949 వర్గం 1844616601. రెండు ముక్కల లబ్ధానికి రెట్టింపు 5780591808. 67296 వర్గం 4528751616. మొదటి దాని వెనక పది సున్నాలు, రెండో దాని వెనక ఐదు సున్నాలు పెట్టి మూడూ కూడితే 18446744073709551616 వస్తుంది. ఒకటి తీసేస్తే మన సంఖ్య. కూడికలో తప్పు పోయిందేమో అనిపిస్తే తొమ్మిదులు తీసేసి చూసుకోండి. అంకెల మొత్తం 87, దాన్ని 9 తో భాగిస్తే శేషం 6. అటువైపు 2 ఘాతాల శేషాలు 9 తో ఆరేసి అడుగులకు ఒకసారి తిరిగి వస్తాయి. 64 ని 6 తో భాగిస్తే మిగిలేది 4, కాబట్టి 2⁶⁴ శేషం 16 శేషమే, అంటే 7. ఒకటి తీస్తే 6. సరిపోయింది.

సరిచూసుకోవడానికి తెలుగులో ఇంకో దారి కూడా ఉంది. మహావీరాచార్యుడి గణిత సారసంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరున ఒక చంపకమాల ప్రచారంలో ఉంది. చదరంగం గళ్ళ సంకలితాన్ని అందులో భూతసంఖ్యలతో చెప్పారు: శర, శశి, షట్క, చంద్ర, శర, సాయక, రంధ్ర, వియత్తు, నగ, అగ్ని, భూధర, గగన, అబ్ధి, వేద, గిరి, తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు. మన్మథుడి బాణాలు 5, చంద్రుడు 1, రంధ్రాలు 9, ఆకాశం 0, కొండలు 7, అగ్నులు 3, సముద్రాలు 4, తర్కాలు 6, బ్రహ్మ ముఖాలు 4, దిగ్గజాలు 8. వరసగా రాస్తే 5 1 6 1 5 5 9 0 7 3 7 0 4 4 7 6 4 4 8 1. అంకెలు కుడి నుంచి ఎడమకు నడవాలన్నది సంప్రదాయం కాబట్టి వెనక నుంచి చదవండి. ఇరవైకి ఇరవై అంకెలూ మన సంఖ్యవే. పద్యం కాబట్టి ఒక్క అంకె మారినా ఛందస్సు చెడే అవకాశం ఎక్కువ. చేతిరాత కాలంలో పెద్ద సంఖ్యను తప్పు పోకుండా దాచడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు కనిపించదు.

ఇక అసలు పని. చివర 5 ఉంది కాబట్టి 5 భాగిస్తుంది, అంకెల మొత్తం 87 కాబట్టి 3 భాగిస్తుంది. స్కూల్లో నేర్చుకున్న సూత్రాలు ఇక్కడితో ఆగిపోతాయి. చాలామంది ఇక్కడి నుంచి 7, 11, 13 అంటూ ఒక్కొక్కటీ ప్రయత్నించడం మొదలుపెడతారు. అది వద్దు. అంకెలు పక్కన పెట్టి సంఖ్య తయారైన తీరు చూడండి. 99999999 ని 9999 × 10001 అని రాయగలమని మీకు తెలుసు. బైనరీలో 64 ఒకట్లు కూడా అంతే, సగానికి విరుగుతాయి:

2⁶⁴ − 1 = (2³² − 1)(2³² + 1)

మొదటి ముక్క మళ్ళీ సగానికి విరుగుతుంది. అలా చివరిదాకా విరుచుకుంటూ పోతే మిగిలేవి:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఒక్క భాగహారం కూడా చేయకుండా ఇరవై అంకెల సంఖ్య ఆరు ముక్కలైంది. 64 అనే ఘాతాంకం రెండు ఘాతం కావడం వల్ల దొరికిన సౌకర్యం ఇది. దీనికంటే ఒక్క అంకె మాత్రమే తక్కువున్న 2⁶¹ − 1, అంటే 2305843009213693951, ప్రధాన సంఖ్య. అది ఎంత తన్నినా విరగదు. అందుకే సంఖ్య ఎంత పొడుగుందో చూసి అది తేలికో కష్టమో తేల్చకండి.

పై ముక్కలన్నీ ఒకే కుటుంబానివి, 2 ని 2ⁿ ఘాతానికి ఎత్తి ఒకటి కలిపితే వచ్చే ఫెర్మా సంఖ్యలు. వీటిలో ఏ రెండింటికీ ఉమ్మడి కారణాంకం ఉండదు. కారణం తేలిక. ఏ ఫెర్మా సంఖ్య నుంచైనా 2 తీసేస్తే దానికి ముందున్న ఫెర్మా సంఖ్యలన్నిటి లబ్ధం వస్తుంది. ఉమ్మడి కారణాంకం ఉంటే అది 2 ని కూడా భాగించాలి. ఇవన్నీ బేసి సంఖ్యలు కాబట్టి అది కుదరదు.

ఇవన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫెర్మా 1640లో రాసిన లేఖల్లో తన నమ్మకం చెప్పాడు. 65537 దాకా నిజమే. 4294967297 దగ్గర ఆయన మాట తప్పింది. 1732లో ఆయిలర్ దాన్ని 641 భాగిస్తుందని చూపించాడు. 641 ని ఆయన గుడ్డిగా వెతికి పట్టుకోలేదు. ఎలా వచ్చిందో చూడండి, ఈ మొత్తం లెక్కకు ప్రాణం అక్కడే ఉంది.

'ప' అనే ప్రధాన సంఖ్య 2³² + 1 ని భాగిస్తుందనుకుందాం. అప్పుడు 'ప' తో భాగిస్తే 2³² శేషం −1 (అంటే 'ప' కంటే ఒకటి తక్కువ), 2⁶⁴ శేషం 1. అంటే 2 ఘాతాల శేషాల చక్రం పొడవు (ఎన్ని అడుగులకు శేషం తిరిగి 1 వస్తుందో ఆ లెక్క) 64 ని భాగించాలి, 32 ని భాగించకూడదు. అలాంటి పొడవు 64 ఒక్కటే. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ఈ చక్రం పొడవు ప − 1 ని భాగిస్తుంది. కాబట్టి 'ప' ఎప్పుడూ 64క + 1 రూపంలోనే ఉంటుంది. తర్వాత ఫ్రెంచి గణితజ్ఞుడు ల్యూకా దీన్ని ఇంకా బిగించాడు. 8 తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యకు 2 ఒక వర్గశేషం, అంటే ఏదో ఒక సంఖ్య వర్గాన్ని దానితో భాగిస్తే 2 మిగులుతుంది, ఆ వర్గమూలం చక్రం పొడవు 128, కాబట్టి 'ప' 128క + 1 రూపంలో ఉండి తీరాలి.

ఇప్పుడు జాబితా రాయండి: 129, 257, 385, 513, 641. వీటిలో 129, 385, 513 ప్రధాన సంఖ్యలు కావు. 257 ఇదే కుటుంబంలో ఇంకో సభ్యుడు, ఉమ్మడి కారణాంకం ఉండదని ఇప్పుడే చెప్పుకున్నాం. మిగిలింది 641. భాగించండి: 641 × 6700417 = 4294967297. మొదటి భాగహారంలోనే దొరికేసింది.

భాగించకుండా కూడా చూపించవచ్చు. 641 = 5 × 2⁷ + 1, అలాగే 641 = 5⁴ + 2⁴. మొదటి దాని వల్ల 5 × 2⁷ శేషం −1, నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸ శేషం 1. రెండో దాని వల్ల 5⁴ బదులు −2⁴ పెట్టవచ్చు. అప్పుడు −2³² శేషం 1, అంటే 2³² + 1 ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన రుజువు ఇదే. ఒకసారి కాగితం మీద మీరే రాసుకుని చూడండి.

ఇంకా మిగిలింది 6700417 ప్రధాన సంఖ్య అని తేల్చుకోవడం. దాని వర్గమూలం 2588 దాటి కొంచెం. మామూలుగా అయితే 2588 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి, అవి కొన్ని వందలు. కానీ 6700417 ని భాగించేది ఏదైనా 4294967297 ని కూడా భాగిస్తుంది, కాబట్టి అది కూడా 128క + 1 రూపంలోనే ఉండాలి. 2588 లోపు ఆ రూపంలో ఉన్న ప్రధాన సంఖ్యలు 257, 641, 769, 1153, 1409. 257 ని ముందే కొట్టేశాం. మిగతా నాలుగింటితో భాగిస్తే శేషాలు వరసగా 44, 120, 334, 622. సున్నా ఒక్కటీ లేదు. 6700417 ప్రధాన సంఖ్యే.

ఇదే కత్తి 65537 మీద పెడితే పని ఇంకా తక్కువ. దాని కారణాంకాలు 64క + 1 రూపంలో ఉండాలి, వర్గమూలం 256 పైన కొంచెమే. 65, 129, 193 లలో ప్రధానం 193 ఒక్కటే. దానితో భాగిస్తే 110 మిగులుతుంది. 257 కి ఆ ఒక్క భాగహారం కూడా అక్కర్లేదు. దాని కారణాంకాలు 32క + 1 రూపంలో ఉండాలి, వర్గమూలం 16 దాటి కొంచెమే, 33 ఎలాగూ పట్టదు. 193 తో ఒకటి, 641 తో ఒకటి, చివరి నాలుగు. ఆరు భాగహారాలతో మొత్తం పూర్తి.

ఇప్పుడు 7 ఎందుకు పనికిరాదో కూడా తేలిపోతుంది. 7 తో 2 ఘాతాల శేషాలు 2, 4, 1 అని మూడేసి అడుగులకు తిరుగుతాయి. 3 కి 64 ని భాగించే దారి లేదు. 11 చక్రం 10, 13 చక్రం 12, వాటికీ అదే గతి. మన సంఖ్యను భాగించే ఏడు ప్రధాన సంఖ్యల చక్రాలు 3 కి 2, 5 కి 4, 17 కి 8, 257 కి 16, 65537 కి 32, చివరి రెండింటికీ 64. ఈ ఏడు తప్ప ఇంకే ప్రధాన సంఖ్యకూ 2 చక్రం పొడవు 64 ని భాగించదు.

ఇక మీ రెండో ప్రశ్న. 2 ఆధారంగా ఫెర్మా పరీక్ష అంటే, 'న' ప్రధాన సంఖ్య అయితే 2 ని న − 1 ఘాతానికి ఎత్తి 'న' తో భాగిస్తే 1 మిగలాలి. 4294967297 కి ఆ ఘాతాంకం 4294967296, అది 64 కి గుణిజం. 2⁶⁴ శేషం 1 అని పైన చూశాం. కాబట్టి ఈ సంఖ్య పాస్ కాక తప్పదు, అది ప్రధానమైనా కాకపోయినా. ఫెర్మా సంఖ్యలన్నీ ఇలాగే పాసవుతాయి. పరీక్షలో తప్పు లేదు. అందులో ఫెయిలైతే ప్రధాన సంఖ్య కాదని గట్టిగా చెప్పవచ్చు గానీ, పాసైతే ప్రధానం అని ఆ పరీక్ష ఎప్పుడూ చెప్పలేదు. ఈ కుటుంబానికి 2 తో పరీక్ష పెట్టడం వృథా. 3 తో పెట్టాలి, పెపెన్ అనే గణితజ్ఞుడి పేరున ఉన్న పరీక్షను ఇప్పుడు మామూలుగా 3 తోనే పెడతారు, దాంట్లో 4294967297 ఫెయిలవుతుంది. మన ఇరవై అంకెల సంఖ్య మాత్రం 2 తోనే దొరికిపోతుంది. దాని ఘాతాంకం 18446744073709551614 ని 64 తో భాగిస్తే 62 మిగులుతుంది కాబట్టి చివరి శేషం 2⁶², ఒకటి కాదు.

ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధం కాబట్టి దీనికి భాజకాలు 2⁷, అంటే 128. ఈ 128 భాజకాలకు ఒక చక్కని అర్థం ఉంది. ఒకటిని ఒక బేసి సంఖ్యతో భాగించి బైనరీలో రాస్తే అంకెలు కొంత పొడవు తర్వాత తిరిగి వస్తాయి. 1/3 అయితే 01 01 01 అని రెండేసి. ఆ పొడవు 64 ని భాగించే బేసి సంఖ్యలు సరిగ్గా ఈ 128 మాత్రమే. వాటిలో 4294967295 ని భాగించే 32 సంఖ్యలు 32 లేదా అంతకంటే తక్కువ పొడవుతోనే తిరిగి వస్తాయి. మిగతా 96 పూర్తిగా 64 అంకెలు నడిచాకే తిరుగుతాయి. 1/641 ఆ 96 లో అతి చిన్న హారం ఉన్నది.

641 వల్ల చెడిపోయిన అందం కూడా ఒకటుంది. 4294967295 కంటే చిన్నవై, దానితో ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు ఎన్ని అని లెక్కిస్తే 2 × 4 × 16 × 256 × 65536, అంటే ఖచ్చితంగా 2³¹. ఈ లెక్క 2 ఘాతం అయితేనే గీయడం కుదురుతుంది, ఇందుకే 4294967295 భుజాల క్రమబహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయవచ్చని సిద్ధాంతం చెబుతుంది. 17 భుజాల దాన్ని గీయవచ్చని గాస్ 1796లో తేల్చాడు. ఏవి గీయగలం, ఏవి గీయలేం అన్న హద్దును వాంజెల్ 1837లో రుజువు చేశాడు. బేసి భుజాలతో ఇప్పటిదాకా మనకు తెలిసిన గీయదగ్గ బహుభుజుల్లో ఇదే అతి పెద్దది. 4294967297 ప్రధాన సంఖ్య అయ్యుంటే ఆ స్థానం మన ఇరవై అంకెల సంఖ్యకు దక్కేది, ఆ లెక్క 2⁶³ వచ్చేది. ఇప్పుడు అది 2³¹ × 640 × 6700416. ఇందులో 3, 5, 17449 దూరిపోయాయి. కాబట్టి గీయడం కుదరదు.

చిన్న చిన్నవి కొన్ని. 8 తో భాగిస్తే శేషం 7, కాబట్టి ఇది వర్గ సంఖ్య కాదు, రెండు వర్గాల మొత్తం కాదు, మూడు వర్గాల మొత్తం కూడా కాదు. నాలుగు వర్గాలు కావాల్సిందే. భాజకాలన్నిటినీ తనతో సహా కూడినా దానికి 1.7 రెట్ల దగ్గరే ఆగుతుంది, పరిపూర్ణ సంఖ్యకు రెండు రెట్లు కావాలి. 64 పళ్ళేల హనోయ్ గోపురం ఆటకు కావలసిన కదలికలు కూడా ఇన్నే. ఆ ఆటను 1883లో బయటపెట్టింది, పైన 128క + 1 చెప్పిన ల్యూకాయే. సెకనుకో కదలిక చొప్పున 58 వేల కోట్ల సంవత్సరాలు పైబడుతుంది. గింజల సంగతి కూడా అడిగేవాళ్ళుంటారు: వెయ్యి వడ్ల గింజలు 20 గ్రాములనుకుంటే దాదాపు 37 వేల కోట్ల టన్నులు. ప్రపంచం మొత్తం ఏటా పండించే వడ్లు 80 కోట్ల టన్నుల చుట్టుపక్కల ఉంటాయి.

ఇంత సులువుగా విరిగింది కదా అని పక్క సంఖ్య మీదకు వెళ్ళాలనిపిస్తే ఒక హెచ్చరిక. 18446744073709551617, అంటే 2⁶⁴ + 1, కుటుంబంలో తర్వాతి ఫెర్మా సంఖ్య. దానికి సగానికి విరిచే ఉపాయం పని చేయదు. కారణాంకాలు 256క + 1 రూపంలో ఉండాలన్న ఒక్క సూచనే చేతిలో ఉంటుంది. ఫ్రెంచి గణితజ్ఞుడు లాండ్రీ 1880లో దాన్ని 274177 × 67280421310721 అని విడగొట్టాడు. 641 మనకు 'క' విలువ 5 దగ్గరే దొరికింది. 274177 అంటే 256 × 1071 + 1, అక్కడ 'క' 1071 దాకా వెళ్ళాలి. వరసలో ప్రధాన సంఖ్యలు కానివి తీసేసినా వందకు పైగా భాగహారాలు మిగులుతాయి. చేత్తో చేయాలనుకుంటే ఇరవై అంకెల సంఖ్యను ప్రతిసారీ మొత్తం భాగించకండి. 2 నుంచి మొదలుపెట్టి ఆరుసార్లు వర్గం చేస్తూ, ప్రతి అడుగులో శేషం మాత్రమే ఉంచుకోండి. చివరికి శేషం −1 వస్తే కారణాంకం దొరికినట్టే.